హెచ్‌ఐవీకి "తలుపు మూసే మందు" ఉందట, మా బావగారికి ఎందుకివ్వడం లేదు?

ముమ్మిడివరం నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. కొత్తగా చదివేవాళ్ల కోసం సంగతి క్లుప్తంగా చెబుతాను. వాళ్ల బావగారు ఆరేళ్లుగా ఏఆర్‌టీ కేంద్రం (హెచ్‌ఐవీ మందులిచ్చే ప్రభుత్వ కేంద్రం) ఇచ్చే మందు వాడుతున్నారు. మొదలుపెట్టిన రోజు సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) 180 ఉంటే ఇప్పుడు 560. రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనిపించలేదని వచ్చింది. ఈమధ్య ఎవరో ఆయన ఫోన్‌కి ఒక వీడియో పంపారు. కణాల మీద సీసీఆర్5 అనే రిసెప్టర్ లేనివాళ్లకు హెచ్‌ఐవీ అంటదని, దాన్ని మూసేసే మాత్ర విదేశాల్లో ఉందని, అలాంటి దాత నుంచి రక్తకణాలను పుట్టించే మూలకణాలు ఎక్కిస్తే జబ్బే పోయిందని అందులో ఉంది. ఆ మాత్ర తెప్పిస్తానని ఒకాయన డబ్బు అడుగుతున్నాడు. ఇప్పుడు వాడుతున్నది ఆపేసి దానికి మారదామని బావగారి ఆలోచన. "అంత మంచి మందు ఉంటే మనకెందుకివ్వరు, పేదవాళ్లమనా?" అని ప్రశ్న.

ముందు ఒక పని చేయండి. ఈ రాత్రి వేసుకోవాల్సిన మాత్ర బావగారిని వేసుకోమనండి. మిగతాదంతా తీరిగ్గా మాట్లాడుకుందాం. నేను జనరల్ మెడిసిన్ డాక్టరుని, గోదావరి జిల్లాల్లోనే ఒక ఏఆర్‌టీ కేంద్రంలో పద్నాలుగేళ్లు కూర్చున్నాను. మీరు అడిగినలాంటి ప్రశ్న నన్ను చాలామంది అడిగారు, కాకపోతే ఇంత వివరంగా అడిగినవాళ్లు తక్కువ. ఆ వీడియోలో చెప్పింది చాలావరకు నిజమే. సగం చెప్పి ఆపేశారు, చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ మిగిలిన సగం చెబుతాను.

వైరస్‌కి తనంతట తాను కణంలోకి దూరే శక్తి లేదు. కణం పైపొర మీద తనకు సరిపడే ప్రొటీన్ ఏదో ఒకటి దొరకాలి, దాన్ని పట్టుకోవాలి. రొయ్యల చెరువులున్న ఊళ్లవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. వైట్ స్పాట్ తగిలితే వారం పది రోజుల్లో చెరువు చెరువే తుడిచిపెట్టుకుపోతుంది. అదే నీళ్లలో ఉన్న చేపకు ఏమీ కాదు. ఆ రొయ్య వండుకు తిన్న మనిషికీ ఏమీ కాదు. పీతకు మాత్రం అంటుతుంది, అందుకేగా గట్టు చుట్టూ పీతలు ఎక్కకుండా వల కడతారు! ఒకటే నీళ్లు, ఒకటే వైరస్. అయినా ఒక ప్రాణికి చావు, ఇంకో ప్రాణికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. పట్టుకోవడానికి అనువైన ప్రొటీన్ కణం మీద ఉందా, లోపలికి వెళ్లాక ఆ కణం యంత్రాంగం వైరస్ చెప్పినట్టు వింటుందా అన్న రెండు విషయాల మీద ఇది ఆధారపడి ఉంటుంది. మొదటిదాన్నే రిసెప్టర్ అంటాం. పుస్తకాల్లో గ్రాహకం అని రాస్తారు. మన మాటల్లో రిసెప్టరే ఉంది కాబట్టి అదే వాడతాను.

ఒక్క సంగతి ఇప్పుడే గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్లీ దీని దగ్గరికే వస్తాం. ఏ రిసెప్టరూ వైరస్ కోసం పుట్టలేదు. దాని సొంత పని దానికుంది. వైరస్ దాన్ని వాడుకుంటుంది, అంతే.

హెచ్‌ఐవీ పట్టుకునే మొదటి ప్రొటీన్ సీడీ4. ఇక్కడ చాలామంది పొరబడతారు. మా కేంద్రంలో ఒక పెద్దాయన సీడీ4 పెరిగిందని చెప్పగానే ముఖం వేలాడేశారు. ఏమైందండీ అంటే "వైరస్ ఎక్కే మెట్లు పెరిగినట్టేగా డాక్టరుగారూ" అన్నారు. ఆయన తర్కంలో తప్పులేదు, మాటే తికమకగా ఉంది. సీడీ4 అనేది టీ కణాల్లో (ఇవీ తెల్ల రక్తకణాలే) ఒక రకం మీద ఉండే ప్రొటీన్ పేరు. ఆ ప్రొటీన్ ఉన్న కణాలను కూడా పొట్టిగా సీడీ4 కణాలు అనేస్తాం. రిపోర్టులో వచ్చే 560 అనే అంకె ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో అలాంటి కణాలు ఎన్ని ఉన్నాయో చెబుతుంది. మామూలు మనిషిలో 500 నుంచి 1500 దాకా ఉంటాయి. ఇవి మన రోగనిరోధక శక్తికి మేస్త్రీలాంటివి. క్షయ క్రిమి వచ్చినా, ఫంగస్ వచ్చినా ఏ కణం ఏం చేయాలో వీటి నుంచే పురమాయింపు వెళుతుంది. సీడీ4 ప్రొటీన్ సొంత పని కూడా అదే: వేరే కణం చూపించే క్రిమి ముక్కను టీ కణం సరిగ్గా గుర్తుపట్టేలా ఊతం ఇవ్వడం. హెచ్‌ఐవీ వచ్చి ఆ ఊతకర్రనే పట్టుకుంటుంది. మేస్త్రీలే పోతే పని ఎవరు చేయిస్తారు? అందుకే చికిత్స లేకపోతే చివరికి సాధారణ క్రిములు కూడా ప్రాణం మీదికి తెస్తాయి. కాబట్టి 180 నుంచి 560కి రావడం మంచి వార్త, నిజంగా మంచి వార్త.

సీడీ4 రిసెప్టర్ అని 1984లోనే తేలింది. లండన్‌లో ఒక బృందం, పారిస్‌లో ఇంకో బృందం విడివిడిగా చూపించాయి. కానీ ఒక చిక్కు మిగిలిపోయింది. మనిషి సీడీ4 ప్రొటీన్‌ని ఎలుక కణాల మీద పెట్టి చూస్తే, వైరస్ వచ్చి అతుక్కుంటోంది గానీ లోపలికి పోవడం లేదు. ఇంకేదో కావాలి. ఆ ఇంకేదో ఏమిటన్నది తెలియడానికి పన్నెండేళ్లు పట్టింది.

మన కాలువల మీద లాకులు మీకు తెలిసినవే. ఇప్పుడు పడవలు తిరగకపోయినా, వడ్ల పడవలు తిరిగిన రోజులు పెద్దవాళ్లకు గుర్తుంటాయి. పడవ లాకు దాటాలంటే రెండు జతల తలుపులు. కింది తలుపు తీస్తే పడవ లోపలికి వస్తుంది, కానీ అక్కడే ఆగాలి. వెనక తలుపు మూసి, నీళ్లు వదిలి, మట్టం సమానం చేస్తే గానీ పై తలుపు తెరుచుకోదు. హెచ్‌ఐవీ ప్రవేశం అచ్చం ఇలాగే ఉంటుంది. వైరస్ పైపొర మీద పది పదిహేను ముళ్లుంటాయి. ఒక్కో ముల్లు పైభాగం పేరు జీపీ120, కాండం పేరు జీపీ41. జీపీ120 వచ్చి సీడీ4ని పట్టుకుంటుంది. ఇది మొదటి తలుపు. పట్టుకోగానే జీపీ120 ఆకారం మారిపోతుంది, అప్పటిదాకా లోపల ముడుచుకుని ఉన్న భాగం బయటికొస్తుంది. బయటికొచ్చిన ఆ భాగానికి రెండో ప్రొటీన్ దొరకాలి. ఆ రెండో తలుపు ఎక్కువ మందిలో సీసీఆర్5, కొందరిలో సీఎక్స్‌సీఆర్4. అది దొరికాక జీపీ41 స్ప్రింగులా విచ్చుకుని కణం పొరలో గుచ్చుకుంటుంది, మళ్లీ మడత పడుతూ వైరస్ పొరనూ కణం పొరనూ ఒకదాని మీదికి ఒకటి లాగేస్తుంది. రెండు పొరలూ కలిసిపోతాయి. వైరస్ సరుకు లోపల పడుతుంది.

ఈ రెండో తలుపుల పేర్లు రెండూ 1996లో బయటపడ్డాయి. అంతకు కొద్దినెలల ముందే, 1995 చివర్లో, రాంటెస్ లాంటి కొన్ని కీమోకైన్లు వైరస్‌ని అడ్డుకుంటున్నాయని అమెరికాలో గమనించారు. కీమోకైన్ అంటే వాపు ఉన్నచోటికి తెల్ల రక్తకణాలను పిలిచే రసాయనం. సీసీఆర్5 ఆ పిలుపు వినే చెవి. రాంటెస్ వచ్చి ఆ చెవిని ఆక్రమించుకుంటే వైరస్‌కి చోటు ఉండదు. 1996లోనే ఇంకో ముడి విడింది. ఎన్నిసార్లు వైరస్ తగిలినా జబ్బు రాని మనుషులు కొందరు ఉన్నారు. వాళ్ల సీసీఆర్5 జన్యువులో 32 అక్షరాలు ఎగిరిపోయాయి. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా అలాంటి జన్యువే వస్తే కణం మీద సీసీఆర్5 అసలు కనిపించదు. ఉత్తర యూరప్ వాళ్లలో సుమారు నూటికి ఒకరు ఇలా పుడతారు. దక్షిణ భారతంలో దాదాపు కనిపించదు. "మా రక్తంలో ఉందేమో టెస్ట్ చేయిద్దాం" అని మీరు రాశారు కదా, దానికి డబ్బు తగలేయకండి. ఉన్నా బావగారికి ఇప్పుడు ఒరిగేదేమీ లేదు, ఆయనకు ఇప్పటికే సోకింది కాబట్టి.

ఇక మీ మాత్ర సంగతి. దాని పేరు మారావిరోక్. 2007 ఆగస్టులో అమెరికా అనుమతి వచ్చింది. అప్పటిదాకా వచ్చిన హెచ్‌ఐవీ మాత్రలన్నీ వైరస్ భాగాలను పట్టుకునేవి. ఇది మాత్రం మన కణం మీదున్న సీసీఆర్5ని పట్టుకుంటుంది. వైరస్ తాకే చోట అడ్డంగా కూర్చుంటుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు, సీసీఆర్5 పొరలో మునిగి ఉన్న భాగంలో ఒక గుంట ఉంది, మాత్ర అక్కడికెళ్లి కూర్చుంటుంది. దాంతో పైన ఆకారం మారిపోయి వైరస్‌కి పట్టు దొరకదు. తలుపు బయట అడ్డుకర్ర పెట్టకుండా, బందులు బిగించేసి తలుపు కదలకుండా చేయడమన్నమాట.

ఎంత తెలివైన మందు! నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. కానీ దీనితోపాటే ఒక షరతు పుట్టింది, అంతకుముందు ఏ హెచ్‌ఐవీ మందుకూ లేని షరతు. రోగిలో ఉన్న వైరస్ ఏ తలుపు వాడుతోందో ముందు తేల్చాలి. సీసీఆర్5 మాత్రమే వాడుతుంటే మందు పనిచేస్తుంది. సీఎక్స్‌సీఆర్4 వాడే వైరస్ కొంచెం కలిసి ఉన్నా, మీరు ఒక తలుపు బిగిస్తే అది రెండోదాని గుండా దర్జాగా వస్తుంది. ఈ పరీక్షను ట్రోపిజం టెస్ట్ అంటారు. అది ఎంత ముఖ్యమో ఒక అధ్యయనమే చెప్పింది. మొదటిసారి చికిత్స మొదలుపెట్టేవాళ్లలో మారావిరోక్‌ని ఎఫావిరెంజ్ అనే ఇంకో హెచ్‌ఐవీ మందుతో పోల్చి చూశారు. మారావిరోక్ వెనకబడింది. తర్వాత దాచిపెట్టిన రక్త నమూనాలను మరింత సున్నితమైన ట్రోపిజం పరీక్షతో మళ్లీ చూస్తే, "సీసీఆర్5 మాత్రమే" అని చేర్చుకున్నవాళ్లలో కొందరికి నిజానికి రెండో రకం కూడా ఉన్నట్టు తేలింది. పాత పరీక్షకు అది దొరకలేదు. వాళ్లను పక్కన పెట్టి లెక్కేస్తే రెండు మందులూ దాదాపు సమానం. మందు చెడ్డదేమీ కాదు, సరిపడని మనిషికి ఇచ్చారు.

ఇప్పుడు మీ బావగారి విషయానికి రండి. ఆయన వైరల్ లోడ్ కనిపించని స్థాయిలో ఉంది. మామూలు ట్రోపిజం పరీక్షకు రక్తంలో తిరుగుతున్న వైరస్ తగినంత కావాలి, మిల్లీలీటరుకు కనీసం ఐదొందలో వెయ్యో ఉంటే గానీ సరైన ఫలితం రాదు. ఆయన రక్తంలో అంత వైరస్సే లేదు. అలాంటివాళ్లకు కణాల్లో దాగిన వైరస్ జన్యువును చదివే వేరే పద్ధతి ఉంది గానీ, అది మందు తప్పనిసరిగా మార్చాల్సి వచ్చినప్పుడు చేసేది. ఆ మాత్ర తెప్పిస్తానన్నాయన ఏ పరీక్షా అడగకుండా డబ్బు అడిగాడంటేనే మీకు అర్థమైపోవాలి.

మన దేశంలో ఎక్కువగా ఉన్న హెచ్‌ఐవీ రకం, సబ్‌టైప్ సీ వైరస్, చాలావరకు సీసీఆర్5నే వాడుతుంది, ఆ మాట నిజం. అయినా మన జాతీయ కార్యక్రమం వాడే మందుల వరుసల్లో మారావిరోక్ లేదు. ఎందుకంటే పరీక్ష అక్కర్లేని మందు, రోజుకొక్క మాత్ర చేతిలో ఉంది. బావగారు వాడుతున్నది బహుశా టీఎల్‌డీ అయి ఉంటుంది: టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోల్యూటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు ఒకే మాత్రలో. వైరస్ ఏ తలుపు నుంచి వచ్చినా లోపలికొచ్చాక చేయాల్సిన పనులు రెండూ ఒకటే. తన ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా తిరగరాయాలి. దాన్ని మన జన్యువుల్లో అతికించాలి. మొదటి పనిని టెనోఫోవిర్, లామివుడిన్ ఆపుతాయి, రెండోదాన్ని డోల్యూటెగ్రావిర్ ఆపుతుంది. మారావిరోక్ రోజుకు రెండుసార్లు వేయాలి. పక్కన వేరే మందులుంటే దాని మోతాదు 150 కావచ్చు, 300 కావచ్చు, 600 కావచ్చు. మన దగ్గర హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు టీబీ రావడం మామూలు. టీబీకి వాడే రిఫాంపిసిన్ మారావిరోక్‌ని ఒంట్లోంచి త్వరగా తోసేస్తుంది. డోల్యూటెగ్రావిర్‌నీ తోసేస్తుంది గానీ, పన్నెండు గంటల తేడాతో ఇంకో 50 ఇస్తే సరిపోతుంది.

పేదవాళ్లమనా అని అడిగారు, ఆ మాట నా మనసులో ఉండిపోయింది. కాదండి. డోల్యూటెగ్రావిర్ ఉన్న చికిత్సనే ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్ని దేశాలకూ మొదటి వరుసగా చెబుతోంది, డబ్బున్న దేశాల్లోనూ అదే కుటుంబం మందులతోనే మొదలుపెడతారు. ఒకప్పుడు మీ అనుమానం నిజమే. ఏడాదికి పదివేల డాలర్లు దాటే మూడు మందుల చికిత్సను 2001లో సిప్లా 350 డాలర్లకు ఇస్తానన్నాక ఆఫ్రికాకూ మనకూ దారి తెరుచుకుంది. 2004 ఏప్రిల్ 1 నుంచి మన ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. అంతకుముందు పొలం అమ్మి మందులు కొన్న కుటుంబాలను నేను చూశాను. అమ్మడానికి పొలం లేనివాళ్లను కూడా చూశాను. అందుకే ఇప్పుడు ఉచితంగా వస్తోంది కాబట్టి నాసిరకం అయి ఉంటుందని ఎవరైనా అంటే నాకు బాధేస్తుంది.

సీసీఆర్5కి మందు వచ్చింది కదా, సీఎక్స్‌సీఆర్4ని మూసే మందు కూడా కలిపి ఇస్తే రెండు తలుపులూ మూసినట్టే కదా అని మీకు తోచవచ్చు. పరిశోధకులకూ తోచింది. ఒక మందును హెచ్‌ఐవీ మీద ప్రయోగించి చూశారు కూడా. అది మాత్రగా పనికిరాలేదు, ఇంజెక్షన్‌గా నిరంతరం ఇవ్వాల్సి వచ్చింది, వైరస్ మీద ఫలితం కూడా అంతంతే. కానీ ఆ మందు ఇచ్చినవాళ్ల రక్తంలో తెల్లకణాలు పెరిగిపోతున్నాయని కనబడింది. కారణం వెతికితే, మూలుగలో మూలకణాలను కదలకుండా పట్టి ఉంచేది సీఎక్స్‌సీఆర్4 అని అర్థమైంది. పట్టు వదిలించగానే అవి రక్తంలోకి వచ్చేస్తున్నాయి. ఆ మందే ప్లెరిక్సాఫోర్. 2008లో అనుమతి వచ్చింది, హెచ్‌ఐవీకి కాదు, క్యాన్సర్ రోగుల నుంచి మూలకణాలు సేకరించడానికి! ఎలుకల్లో సీఎక్స్‌సీఆర్4 జన్యువును పూర్తిగా తీసేస్తే అవి పుట్టకముందో, పుట్టగానేనో చనిపోతాయి. అదే సీసీఆర్5 లేకుండా పుట్టిన మనుషులు మామూలుగానే బతుకుతున్నారు. ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. తలుపు మూసే ముందు, ఆ తలుపు గుండా ఇంట్లోవాళ్లు ఎంత తిరుగుతున్నారో చూడాలి. సీసీఆర్5 కూడా పూర్తిగా పనిలేనిది కాదు. అది లేనివాళ్లకు వెస్ట్ నైల్ వైరస్ తగిలితే జబ్బు ముదిరే అవకాశం ఎక్కువని తేలింది. 2018లో చైనాలో హె జియాన్‌కుయ్ అనే శాస్త్రవేత్త పిండాల్లోనే ఈ జన్యువును కత్తిరించి పిల్లలను పుట్టించాడని తెలిసినప్పుడు ప్రపంచంలో వైద్యులంతా మండిపడ్డారు. మండిపడటానికి ఇదొక్కటే కారణం కాదు గానీ, ఇదీ ఒకటి. అతన్ని అక్కడి కోర్టు జైలుకు పంపింది.

వీడియోలో చూపించిన మనిషి తిమోతీ రే బ్రౌన్ అయి ఉంటారు, బెర్లిన్ పేషెంట్ అని పేరు. ఆయనకు హెచ్‌ఐవీతోపాటు బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. 2007లో బెర్లిన్‌లో, రెండు వైపులా ఆ 32 అక్షరాలు లేని దాతను వెతికి మూలకణాలు ఎక్కించారు. క్యాన్సర్ తిరగబెడితే 2008లో ఇంకోసారి ఎక్కించారు. హెచ్‌ఐవీ మందులు ఆపేసినా వైరస్ తిరిగి రాలేదు. 2020లో ఆయన చనిపోయింది హెచ్‌ఐవీతో కాదు, అదే క్యాన్సర్ మళ్లీ రావడంతో. ఆ తర్వాత లండన్‌లో ఒకరికి, మరికొందరికి కూడా ఇలా నయమైంది. అందరూ ముందు క్యాన్సర్ రోగులే. మూలుగ మార్పిడిలో ఉన్న మూలుగను మందులతో చంపేస్తారు. ఆ చికిత్సతోనే ప్రాణం పోయే ప్రమాదం ఉంది. రోజుకొక మాత్రతో పనికి వెళ్లొస్తున్న మనిషికి ఏ డాక్టరూ దాన్ని చేయడు.

వీడియోలో చెప్పని ఇంకో మనిషి కథ కూడా ఉంది. జర్మనీలోనే, ఎస్సెన్ అనే ఊళ్లో, లింఫోమా అనే క్యాన్సర్ ఉన్న ఒక యువకుడికి ఇలాంటి దాత కణాలే ఎక్కించారు. కొద్ది వారాల్లోనే వైరస్ తిరిగొచ్చింది. చూస్తే అది సీఎక్స్‌సీఆర్4 వాడే వైరస్. అతనిలో అది ముందునుంచీ కొద్దికొద్దిగా దాగి ఉంది. సీసీఆర్5 లేని కణాలు వచ్చాక దానికే రాజ్యం దక్కింది. 2014లో ఇది వైద్య పత్రికల్లో వచ్చింది. మారావిరోక్‌కి ముందు పరీక్ష ఎందుకో ఈ ఒక్క మనిషి కథ చాలు.

తలుపు మూస్తే లోపల ఉన్నవాళ్లు బయటికి పోరు, ఇది బావగారికి గట్టిగా చెప్పాల్సిన మాట. సోకిన మొదటి రోజుల్లోనే వైరస్ తన జన్యువును కొన్ని సీడీ4 కణాల్లో అతికించేసి నిద్రపోతుంది. ఆ కణాలు ఏళ్ల తరబడి బతుకుతాయి. ఏ మాత్రా వాటిని తాకలేదు, టీఎల్‌డీ అయినా, మారావిరోక్ అయినా. మందు ఆపితే ఎక్కువమందిలో రెండు నుంచి నాలుగు వారాల్లో వైరస్ మళ్లీ లెక్కకు వస్తుంది. చికిత్స లేని ఒంట్లో రోజుకు వెయ్యి కోట్ల దాకా కొత్త వైరస్‌లు తయారవుతాయని 1996లోనే లెక్కగట్టారు.

ఒకావిడ గుర్తొస్తున్నారు. లంక గ్రామం నుంచి పడవ దాటి, తర్వాత బస్సు ఎక్కి వచ్చేవారు. మందు డబ్బా ఇవ్వగానే మూత తీసి, పైట కొంగులో ముడేసుకుని తెచ్చిన దూదిని మాత్రల పైన గట్టిగా కుక్కేవారు. బస్సు కుదుపులకు డబ్బా గలగలలాడితే పక్కనున్నవాళ్లు ఏమిటని అడుగుతారని. గోటితో లేబుల్ కూడా గీకేసేవారు. ఆ గీకిన డబ్బాలు చూస్తుంటే నాకు మందుకన్నా ఆవిడ మోసే భయమే బరువనిపించేది. ఆవిడ ఒకసారి ఐదు నెలలు రాలేదు. చెట్టు మందుతో "పూర్తిగా కడిగేస్తానన్న" ఒకాయన దగ్గరికి వెళ్లారు. తిరిగొచ్చేసరికి సీడీ4 90, నోరంతా తెల్లటి ఫంగస్, మంచినీళ్లు కూడా మింగలేకపోతున్నారు. తేరుకున్నారు గానీ చాలా నెలలు పట్టింది. ఆవిడకు కోపగించుకోలేదు నేను. మేమే ఇంకా బాగా చెప్పి ఉండాల్సింది.

రిసెప్టర్ గురించి సగం తెలిస్తే ఏమవుతుందో కోవిడ్ రోజుల్లో కూడా చూశాం. కరోనా వైరస్ పట్టుకునేది ఏసీఈ2 అనే రిసెప్టర్‌ని. కొన్ని బీపీ మాత్రలు ఏసీఈ2ని పెంచుతాయేమోనని 2020లో ఒక అనుమానం వచ్చింది. అంతే, ఏళ్లుగా టెల్మిసార్టన్ వేసుకుంటున్నవాళ్లు ఆపేశారు. బీపీ 200 దాటి వచ్చినవాళ్లను నేనే చూశాను. తర్వాత, మందు ఆపినవాళ్లనూ కొనసాగించినవాళ్లనూ పోల్చిన అధ్యయనాల్లో కొనసాగించడం వల్ల నష్టమేమీ లేదని తేలింది. రిసెప్టర్ ఉండటం వేరు, దాన్నిబట్టి చికిత్స మార్చడం వేరు. మధ్యలో మనుషుల మీద చేసిన పరీక్ష ఒకటి ఉండాలి.

అలాగని రిసెప్టర్ల మీద పనిచేసే మందులు దండగ అనుకోవద్దు. మిగతావన్నీ విఫలమై, వైరస్ మొండికెత్తినవాళ్లకు ఇవే ఆధారం. 2018లో వచ్చిన ఇబాలిజుమాబ్ అనే యాంటీబాడీ సీడీ4 మీదే కూర్చుంటుంది, కానీ వైరస్ అతుక్కునే చోట కాదు, కాస్త పక్కన. వైరస్ వచ్చి పట్టుకోగలదు, తర్వాతి అడుగు మాత్రం వేయలేదు. సీడీ4 తన సొంత పని తాను చేసుకుంటూనే ఉంటుంది. రెండు వారాలకోసారి నరంలోకి ఇవ్వాలి. హెపటైటిస్‌లో ఇంకా అందమైన కథ ఉంది. హెపటైటిస్ బీ వైరస్ కాలేయంలోకి వెళ్లేది పైత్యరస లవణాలను లోపలికి తీసుకునే ఎన్‌టీసీపీ అనే ప్రొటీన్ గుండా అని 2012లో బీజింగ్‌లో కనిపెట్టారు. దాన్ని మూసే బులెవిర్టైడ్ ఇంజెక్షన్‌కి 2020లో యూరప్‌లో అనుమతి వచ్చింది, బీతోపాటు డెల్టా (హెపటైటిస్ డీ) వైరస్ కూడా ఉన్నవాళ్ల కోసం.

హెపటైటిస్ బీ ఎత్తాను కాబట్టి, మీ బావగారికి ఇది చాలా ముఖ్యం. హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్ బీ ఉందో లేదో చూసే) పరీక్ష ఎప్పుడైనా చేశారా అని పాత కాగితాల్లో చూడండి. టీఎల్‌డీలో ఉన్న టెనోఫోవిర్, లామివుడిన్ రెండూ హెపటైటిస్ బీ మీద కూడా పనిచేస్తాయి. ఆయనకు బీ కూడా ఉండి, ఎవరికీ చెప్పకుండా టీఎల్‌డీ ఆపేస్తే కాలేయం ఒక్కసారిగా దెబ్బతినవచ్చు. మారావిరోక్‌కి బీ వైరస్ మీద ఏ పనీ లేదు.

ఇంకొక చిన్న విషయం, వాడేవాళ్లందరికీ పనికొస్తుంది. గ్యాస్‌కి తాగే తెల్ల సిరప్, ఐరన్ మాత్ర, క్యాల్షియం మాత్ర డోల్యూటెగ్రావిర్‌ని పట్టేసి ఒంటికి పట్టనివ్వవు. వాటికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో టీఎల్‌డీ వేసుకోవాలి.

వచ్చేసారి కేంద్రానికి వెళ్లినప్పుడు మీరూ వెంట వెళ్లండి, బావగారు ఒప్పుకుంటేనే. మెడికల్ ఆఫీసరుని మూడు విషయాలు అడగండి: చివరి వైరల్ లోడ్ ఏ తేదీది, హెపటైటిస్ బీ పరీక్ష ఫలితం ఏమిటి, కిడ్నీ పరీక్ష క్రియాటినిన్ ఎంత ఉంది. వీడియో కూడా చూపించండి, ఎవరూ ఏమీ అనుకోరు. వెళ్లేలోగా ఏదైనా సందేహం వస్తే 1097కి ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. డబ్బు అడిగినాయనకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఇప్పటికే ఏదైనా మాత్ర ఇచ్చి ఉంటే వేసుకోకుండా, డబ్బాతో సహా కేంద్రానికి పట్టుకెళ్లండి. మీ అక్కగారికి పరీక్ష ఎప్పుడు చేయించారో మీరు రాయలేదు. వైరల్ లోడ్ ఇలా కనిపించని స్థాయిలోనే నిలబడితే కలయిక ద్వారా బావగారి నుంచి ఆవిడకు సోకదు. అయినా ఆవిడ పరీక్ష ఒకసారి చేయించి, ఫలితం ఏమైనా ఇక్కడే రాయండి, చూస్తాను.